మా అమ్మాయి ప్రైమరీ బడి రివ్యూ: పుస్తకంలో రాసిన సూత్రాలు క్లాసులో ఎంతవరకు ఉన్నాయి

హైదరాబాద్‌లో బడుల రివ్యూలు ఏవి చదివినా ఏసీ బస్సు, గ్రౌండ్, స్విమ్మింగ్ పూల్, ఫీజు, టీచర్ల ఇంగ్లీషు, ఇంతే ఉంటాయి. పిల్లలకు ఏం నేర్పుతున్నారు, ఏది ముందు ఏది తర్వాత, ఎందుకలా, ఇది మాత్రం ఎవరూ రాయరు. నాకు కావాల్సింది అదే కాబట్టి అదే రాస్తున్నాను. మా అమ్మాయి ఇప్పుడు మూడో క్లాసు, యూకేజీ నుంచి సైనిక్‌పురి వైపు ఉన్న ఒకే బడిలో చదువుతోంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, ఐదో క్లాసు వరకే ఉంటుంది, ఫీజు మా ఏరియాలో మధ్యరకం. బడి పేరు రాయడం లేదు, మెచ్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో గట్టిగా తప్పుపట్టాల్సినవీ ఉన్నాయి, పిల్ల ఇంకా అక్కడే చదువుతోంది.

అడ్మిషన్ అప్పుడు ఫీజు కాగితాలతో పాటు ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టారు, ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు. మా పాఠ్యప్రణాళిక ఈ సూత్రాల మీద నడుస్తుంది అని అందులో ఉంది. పిల్లలు చేత్తో పట్టుకుని చూశాకే అంకెలు, అక్షరాల దగ్గరికి వెళ్తాం, ఇంట్లో మాట్లాడే భాషను బడి బయట వదిలేసి రమ్మనం, పాఠం చుట్టూ ఉన్న ఊరి నుంచే మొదలుపెడతాం, చిన్న క్లాసుల్లో పరీక్షలు పెట్టం, ఆటను చదువులో భాగంగానే చూస్తాం, వెనకబడిన పిల్లను వేరే గదిలో కూర్చోబెట్టం. వినడానికి ఎంత బాగున్నాయో, ఇలాంటివి ప్రతి బడి గోడ మీదా రంగురంగుల అక్షరాల్లో కనిపిస్తాయి కూడా. అందుకే నేను ఆ పుస్తకాన్ని దాచిపెట్టి, ఒక్కొక్క మాటా క్లాసులో ఉందా లేదా అని చూస్తూ వచ్చాను.

ఇవి ఈ బడివాళ్ళు కొత్తగా కనిపెట్టినవి కావు, అలా అని వాళ్ళూ చెప్పుకోలేదు. 1993లో యశ్‌పాల్ కమిటీ పిల్లల బ్యాగు బరువు గురించి రిపోర్టు ఇస్తూ, మోసే పుస్తకాల కంటే చదివింది అర్థం కాకపోవడమే పెద్ద బరువు అని చెప్పింది. ఆ మాట మీదే 2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రం వచ్చింది. చదువును బడి బయటి జీవితంతో కలపాలి, బట్టీ పద్ధతి పోవాలి, టెక్స్ట్‌బుక్ దగ్గరే ఆగిపోకూడదు, పరీక్షలు క్లాసులో జరిగే పనితో కలిసిపోయి పట్టువిడుపుతో ఉండాలి, పిల్లల్లో ప్రజాస్వామ్య దేశంలో బతికేవాళ్ళకు ఉండాల్సిన సాటి మనిషి పట్ల పట్టింపు పెరగాలి, ఈ ఐదూ అందులోని మార్గదర్శక సూత్రాలు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అయితే ఇంకా సూటిగా, పిల్లలకు భయం, ఒత్తిడి లేకుండా పాఠ్యప్రణాళిక ఉండాలని, వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన జరగాలని రాసింది. కాబట్టి ఒక బడి ఈ మాటలు చెప్తే అదేదో విదేశీ పద్ధతి అనుకోవాల్సిన పని లేదు, ఎక్కువ ఫీజు అడగడానికి అది కారణమూ కాదు. చట్టంలో ఉన్నదే చేస్తున్నారు.

లెక్కలతో మొదలుపెడతాను, ఈ బడిలో అన్నిటికంటే బాగా నడుస్తున్నది అదే. మా అమ్మాయి రెండో క్లాసు నోట్‌బుక్కులో ఒక పేజీ ఉంది, చాలామందికి చూపించాను. 52లోంచి 37 తీసేయాలి. 25 అని రాసింది. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కదా, అందుకని తిప్పేసి 7లోంచి 2 తీసింది, పదుల్లో 5లోంచి 3 తీసింది. ఈ వయసులో చాలామంది పిల్లలు చేసే తప్పే ఇది, పిల్లకు లెక్క రాక కాదు, అంకెలను విడివిడిగా చూడటం వల్ల వస్తుంది. టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేయలేదు. పక్కన పెన్సిల్‌తో "కట్టలతో చేసి చూపించు" అని రాసింది. కింద మర్నాటి తేదీతో మా అమ్మాయి గీసిన బొమ్మ ఉంది. పదేసి పుల్లల కట్టలు ఐదు, పక్కన రెండు విడి పుల్లలు, ఒక కట్టకు రబ్బరు బ్యాండు ఊడదీసి పది పుల్లలూ విడిగా పరిచింది, ఇప్పుడున్న పన్నెండులోంచి ఏడింటిని అడ్డగీతలతో కొట్టేసింది, మిగిలిన నాలుగు కట్టల్లోంచి మూడు కొట్టేసింది. ఒక కట్ట, ఐదు పుల్లలు మిగిలాయి. దాని కింద ఎవరూ చెప్పకుండానే పాత జవాబు కొట్టేసి 15 అని రాసుకుంది.

మనం చిన్నప్పుడు "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని నేర్చుకున్నాం, ఆ అప్పు ఎందుకు సరిగ్గా పదే వస్తుందో మనలో ఎంతమందికి తెలుసు? ఇక్కడ పిల్లకు తెలుసు, ఎందుకంటే కట్ట విప్పింది తనే. ఒకటో క్లాసులో చింతగింజలు పదేసి కుప్పలు పెట్టడం, ఆ తర్వాత పుల్లల కట్టలు, వాటి గురించి నోటితో చెప్పడం, తర్వాత బొమ్మ గీయడం, అన్నిటికంటే చివర అంకెల్లో రాయడం, ఈ వరసను వాళ్ళు ఎక్కడా తప్పలేదు. 2022 అక్టోబరులో ఎనిమిదేళ్ళ లోపు పిల్లల చదువు కోసం వచ్చిన పునాది దశ చట్రంలో కూడా ఇదే వరస ఉంది, ముందు అనుభవం, తర్వాత మాట, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే గుర్తు.

ఎక్కాల దగ్గర మాత్రం నాకు పూర్తిగా నచ్చలేదు. "రెండో క్లాసుకొచ్చినా ఎక్కాలు రాకపోతే ఎట్లమ్మా" అని మా అత్తమ్మ రోజూ అడిగేది, ఆమె భయంలో న్యాయం ఉంది. నాలుగేసి చొప్పున ఆరు వరసలు పేర్చి నాలుగార్లు ఇరవై నాలుగు అని పిల్లలతోనే కనిపెట్టించడం చాలా మంచి పని. కానీ అర్థమయ్యాక నోటికి రావాలి కూడా, లేకపోతే మూడో క్లాసులో భాగహారం వచ్చినప్పుడు పిల్ల ప్రతిసారీ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది, అసలు లెక్క మీద ధ్యాస ఉండదు. బట్టీ వద్దు అన్న సూత్రాన్ని బడివాళ్ళు కొంచెం ఎక్కువ దూరం తీసుకెళ్ళారు. మా ఇంట్లో అత్తమ్మే రాత్రి పూట పక్క మీద పడుకోబెట్టుకుని ఎనిమిదో ఎక్కం దాకా నోటికి నేర్పింది. అర్థం బడిలో తెలిసింది కాబట్టి నెల తిరక్కుండానే వచ్చేసింది.

ఇక భాష. నేను ఈ బడిలో చేర్చడానికి అసలు కారణం ఇదే. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడి అయినా ఒకటి నుంచి పది వరకు తెలుగు నేర్పాల్సిందే. చట్టం ఉంది కాబట్టి ఒక పీరియడ్ పెట్టి, గుణింతాలు పదిసార్లు రాయించి పంపేసే బడులు మన చుట్టూ కావాల్సినన్ని ఉన్నాయి. మా పెద్దవాణ్ణి మొదట వేసిన బడిలో తెలుగులో మాట్లాడితే డైరీలో నోట్ రాసేవాళ్ళు, వాడు ఇంటికొచ్చి కూడా ఆచితూచి మాట్లాడేవాడు.

ఇక్కడ ఒకటో క్లాసు తెలుగు టీచర్ అ ఆ ఇ ఈ నుంచి మొదలుపెట్టలేదు. పొద్దున్నే పిల్లలు ఇంట్లో జరిగింది ఏదో ఒకటి చెప్తారు, ఒకరు చెప్పింది టీచర్ పెద్ద చార్టు మీద ఉన్నదున్నట్టు రాస్తుంది, క్లాసంతా వేలు పెట్టి చదువుతారు. "మా బాబాయి బండి మీద నన్ను బోనాలకు తీసుకపోయిండు." ఇది మా అమ్మాయి చెప్పిన వాక్యం, గోడ మీద చాలా రోజులు ఉంది, అందులోని బ, మ, ల, డ అక్షరాలు అది ఆ వాక్యం నుంచే గుర్తుపట్టడం మొదలుపెట్టింది. పుస్తకం భాష తర్వాత వచ్చింది, రెండో క్లాసులో, ఎవరి మాటనూ తప్పు అనకుండానే. గుణింతాలు, ఒత్తులు ఎక్కడికీ పోలేదు, అవీ వరసగా వచ్చాయి. కాకపోతే అప్పటికి పిల్లకు చదవడం అంటే ఏమిటో తెలుసు.

ఆ క్లాసులో ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లలున్నారు, లంబాడీ మాట్లాడేవాళ్ళున్నారు, మరాఠీ, హిందీ ఇళ్ళ పిల్లలున్నారు. లెక్కల పీరియడ్‌లో తను చేసింది వివరించేటప్పుడు ఎవరి భాషలో వాళ్ళు మొదలుపెట్టొచ్చు, పక్కపిల్ల అందుకుని మిగతావాళ్ళకు చెప్తుంది. ఇది నేను పేరెంట్స్‌ని రమ్మన్న రోజు కాకుండా మామూలు రోజు కిటికీలోంచి చూశాను. ఒక బాబు సగం దక్కనీలో, సగం తెలుగులో "దో కట్టలు తీస్తే..." అంటూ చెప్తుంటే టీచర్ ఆపలేదు, సరిదిద్దలేదు, చివరిదాకా విని "సరే, ఇప్పుడు బోర్డు మీద రాయి" అంది. ఆ ఒక్క సంగతికి నేను ఈ బడికి మంచి మార్కులు ఇస్తాను.

అయితే ఇది పేరుకు ఇంగ్లీషు మీడియమే, అది మర్చిపోవద్దు. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటిభాషలో బోధన ఉండాలంది. ఈ బడి ఆ పని చేయడం లేదు, పుస్తకాలు ఇంగ్లీషువే, వివరణ మాత్రమే రెండు భాషల్లో. పేరెంట్స్ ఒప్పుకోరు అంటారు ప్రిన్సిపల్ మేడమ్, అది నిజమే, మా వాట్సాప్ గ్రూపులో తెలుగు పీరియడ్లు తగ్గించమని అడిగేవాళ్ళే ఎక్కువ. ఈ సంవత్సరం మూడో క్లాసులో ఒక తెలుగు పీరియడ్ తీసేసి స్పోకెన్ ఇంగ్లీష్ పెట్టారు. నేను పీటీఎంలో అభ్యంతరం చెప్పాను, నాతో పాటు ఇంకో ఇద్దరు తల్లులు లేచి మాట్లాడారు, మార్చలేదు. లైబ్రరీలో తెలుగు కథల పుస్తకాలు ఒక అర కూడా నిండవు, ఇంగ్లీషువి గోడ పొడుగునా ఉంటాయి. ఇంటిభాషను బడి బయట వదిలేసి రమ్మనం అని రాసుకున్న బడిలో ఇది ఉండాల్సిన తీరు కాదు.

చుట్టుపక్కల ఊరి నుంచి పాఠం అన్నారు కదా, దానికి మంచి ఉదాహరణ నీళ్ళ పాఠం. మూడో క్లాసులో "మన చుట్టూ ప్రపంచం" సబ్జెక్టు మొదలవుతుంది, ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకం 2024లో వచ్చింది. టీచర్ పుస్తకం తెరిచే ముందు పిల్లలందరినీ మీ ఇంట్లో నల్లా నీళ్ళు ఎప్పుడొస్తాయి, ఎంతసేపు వస్తాయి, ఎక్కడ నిలవ చేస్తారు అని రాసుకు రమ్మంది. కొందరికి రోజు విడిచి రోజు, కొందరికి బోరు, కొందరికి ట్యాంకరు. ఒకే క్లాసులో కూర్చున్న పిల్లల ఇళ్ళలో ఇంత తేడా ఉందని పిల్లలకు ఆ చార్టు చూశాకే తెలిసింది, మా అమ్మాయి ఇంటికొచ్చి "నా ఫ్రెండ్ వాళ్ళమ్మ రాత్రి రెండు గంటలకు లేస్తుందంట బిందెలు పట్టడానికి" అని చెప్పింది. ఆ తర్వాత ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి అని మ్యాపు మీద వెనక్కి వెళ్ళారు. సంపు, రిజర్వాయరు, పైపులైను, నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి, సింగూరు నుంచి మంజీర.

గండిపేట చెరువు దగ్గరికి తీసుకెళ్ళారు. 1908లో మూసీకి వరద వచ్చి నగరం కొట్టుకుపోయిన సంగతి, ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, అలా గండిపేటలో ఉస్మాన్‌సాగర్, పక్కన హిమాయత్‌సాగర్ కట్టడం, ఇదంతా ఆ కట్ట మీద నిలబెట్టి చెప్పారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి ఆ వరదలో సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు, ఆ చెట్టు ఎక్కడుందో చూపించమని మా అమ్మాయి మమ్మల్ని అఫ్జల్‌గంజ్ దాకా తీసుకెళ్ళింది. చదువును బడి బయటి జీవితంతో కలపాలి అని 2005 చట్రంలో ఒక్క ముక్కలో రాసింది ఇదే, ఇంతకంటే బాగా ఎలా చేస్తారో నాకు తెలియదు.

పరీక్షల విషయానికొస్తే రెండో క్లాసు వరకు మాట నిలబెట్టుకున్నారు. మార్కులు లేవు, ర్యాంకులు లేవు, పిల్ల చేసిన పనులు ఒక ఫైలులో పెట్టి టీచర్ పక్కన రెండు ముక్కలు రాసి ఇస్తుంది. "రెండంకెల కూడికలు కట్టలతో చేస్తుంది, కట్టలు లేకుండా ఇంకా తడబడుతుంది", ఇలా. నాకు 92 శాతం అని చెప్పేదానికంటే ఈ వాక్యమే ఎక్కువ పనికొచ్చింది, ఇంట్లో ఏం చేయించాలో తెలిసింది. పునాది దశలో, అంటే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు, రాత పరీక్షలు అసలు పనికిరావని 2022 చట్రం కూడా స్పష్టంగా రాసింది.

మూడో క్లాసుతో అంతా మారిపోయింది, నా అసలు బాధ ఇక్కడే. ఆ వయసు నుంచి చిన్న చిన్న రాత పరీక్షలు ఉండొచ్చు, దానికి నేను వ్యతిరేకం కాదు. కానీ నెలకో యూనిట్ టెస్టు, దానికి ముందు రివిజన్ షీట్లు, దాని తర్వాత గ్రూపులో టాపర్ల ఫోటోలు, దానికి తోడు ఒలింపియాడ్ వర్క్‌బుక్. పుల్లల కట్టలు అల్మారాలోకి వెళ్ళిపోయాయి. భిన్నాలు మొదలయ్యే క్లాసులోనే, చేత్తో పట్టుకోవాల్సిన అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే, ఆ పద్ధతి వదిలేశారు. సగం, పావు అనేవి మన పిల్లలకు పాల ప్యాకెట్టు దగ్గర, కూరగాయల బండి దగ్గర రోజూ వినిపించే మాటలు, వాటితో మొదలుపెట్టకుండా నేరుగా గీత పైన ఒకటి, గీత కింద నాలుగు అని రాయించారు. పావు పెద్దదా సగం పెద్దదా అంటే మా అమ్మాయి వెంటనే చెప్తుంది, ఒకటి బై నాలుగు పెద్దదా ఒకటి బై రెండు పెద్దదా అంటే నాలుగు పెద్దది కదా అంటుంది. పోయిన సంవత్సరం టీచర్ అయి ఉంటే ఒక రొట్టె తెప్పించి కోయించేది.

టీచర్ల తప్పు అనను. సెక్షన్‌లో పిల్లల సంఖ్య ఏటికేడు పెరుగుతోంది, మా అమ్మాయి ఒకటో క్లాసులో ఇరవై ఐదుకు లోపు ఉండేవాళ్ళు, ఇప్పుడు ముప్పై ఐదు దాటారు. బడిలో ముప్పై మంది పిల్లలకు ఒక టీచర్ లోపే ఉండాలని 2020 విధానం చెప్తోంది, ఎవరి వేగంలో వాళ్ళు నేర్చుకోవాలి అన్న సూత్రం ముప్పై ఐదు మంది మధ్య ఎలా నిలబడుతుంది? ఒక్కొక్కరి కట్టలు, బొమ్మలు చూడటానికి టీచర్‌కు సమయం ఎక్కడుంటుంది? అడ్మిషన్లు ఆపడం మేనేజ్‌మెంట్ చేతిలో ఉన్న పని, ఆపడం లేదు.

హోంవర్క్ సంగతి కూడా చెప్పాలి. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో క్లాసు వరకు హోంవర్క్ వద్దంది, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించొద్దంది, బ్యాగు పిల్ల బరువులో పదో వంతు దాటొద్దంది. బ్యాగు విషయంలో ఈ బడి నిజాయితీగా ఉంది, పుస్తకాలు క్లాసులోనే అరల్లో ఉంటాయి, డైరీ, నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బాతో వెళ్ళొస్తుంది. హోంవర్క్ మాత్రం ఆ పేరుతో ఇవ్వరు, శుక్రవారం రాత్రి గ్రూపులో "ప్రాక్టీస్ షీట్" వస్తుంది, ప్రింట్ మనమే తీసుకోవాలి, సోమవారం తేవాలి. రెండో క్లాసులో ఉన్నప్పుడే ఇది మొదలైంది. నేను చేయించడం మానేశాను, టీచర్ ఏమీ అనలేదు.

ఆట పీరియడ్ రోజూ ఉంది, నిజంగానే ఆడిస్తారు, యాన్యువల్ డే రిహార్సల్స్ నెల తప్పితే. అందరూ కలిసి చదవాలి అన్నదాని గురించి ఒక్క మాట. మాటలు ఆలస్యంగా వచ్చిన ఒక బాబు మా అమ్మాయి సెక్షన్‌లోనే ఉన్నాడు, అతని బొమ్మల కార్డులు క్లాసు పిల్లలందరికీ తెలుసు, అతను కార్డు చూపిస్తే ఏం కావాలో పిల్లలే అందిస్తారు, ఇది పిల్లలకు ఎవరూ ఉపన్యాసం ఇచ్చి నేర్పలేదు. స్పెషల్ ఎడ్యుకేటర్ మాత్రం వారంలో కొన్ని రోజులే వస్తారు, అది చాలదు, ఆ తల్లి అడుగుతూనే ఉంది.

ఒకటి, రెండు తరగతులకైతే నేను ఈ బడిని ఎవరికైనా ధైర్యంగా చెప్తాను, మా చెల్లెలి కూతుర్ని వచ్చే సంవత్సరం ఒకటో క్లాసులో ఇక్కడే వేయిస్తున్నాం. మూడో క్లాసుకు కొత్తగా చేర్చాలనుకునేవాళ్ళు ముందు యూనిట్ టెస్టుల గురించి, సెక్షన్‌లో ఎంతమంది ఉంటారు అన్నదాని గురించి ప్రిన్సిపల్ దగ్గర కూర్చుని తేల్చుకోండి, ఆమె దాచిపెట్టే మనిషి కాదు, అడిగితే చెప్తారు.

ఇది కాకుండా వేరే బడి చూడ్డానికి వెళ్ళినా సరే, ఓపెన్ హౌస్ రోజు వెళ్ళకండి, ఆ రోజు అన్ని బడులూ బాగుంటాయి. మామూలు మంగళవారమో బుధవారమో వెళ్ళి, రెండో క్లాసు పిల్లల లెక్కల నోట్‌బుక్కు ఒకటి, తెలుగు నోట్‌బుక్కు ఒకటి చూపించమనండి, ఫస్ట్ వచ్చే పిల్లది వద్దు, నడిమి వరస పిల్లది అడగండి. పేజీ నిండా ఎర్ర గీతలున్నాయా, అందరి నోట్‌బుక్కుల్లో బోర్డు మీది ఒకే వాక్యం ఉందా, పిల్ల తన మాటల్లో రాసింది ఒక్కటైనా ఉందా చూడండి. టైమ్‌టేబుల్ ఫోటో తీసుకోండి, తెలుగు, ఆట, లైబ్రరీ పీరియడ్లు ఎన్ని ఉన్నాయో, మూడో క్లాసుకు వచ్చేసరికి అవి ఎన్ని మిగులుతున్నాయో లెక్కపెట్టుకోండి. మా బడిలో అడ్మిషన్లు డిసెంబరులోనే మొదలైపోతాయి, సంక్రాంతి సెలవుల తర్వాత వెళ్తే ఒకటో క్లాసులో సీట్లు ఉండవు.